కోడ్ ఆఫ్ కాండక్ట్ సరే, అది ఎక్కడిదాకా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఓపెన్ సోర్స్ మీద, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ మీద మీరు వేసిన ప్రత్యేక కథనం చదివాను. పైసా రాకపోయినా రాత్రిళ్లు కూర్చుని బగ్‌లు, అంటే ప్రోగ్రాములో తప్పులు, సరిచేసేవాళ్ల గురించి రాసినంతవరకు చాలా బాగుంది, అందులో నన్ను నేను చూసుకున్నాను కూడా. కానీ చివర్లో కోడ్ ఆఫ్ కాండక్ట్ ఊసు వచ్చేసరికి అదేదో ఈమధ్య అంటుకున్న తలనొప్పి అన్నట్టు ఒక్క ముక్కలో తేల్చేసి వెళ్లిపోయారు. ఆ ఒక్క ముక్క మీదే ఈ ఉత్తరం. కాస్త పొడుగే అవుతుంది, చోటు లేకపోతే కత్తిరించుకోండి గానీ లైనక్స్ గురించి రాసిన భాగం మాత్రం ఉంచండి.

ముందు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ప్రవర్తనా నియమావళి అనగానే పేపరు చదివేవాళ్లకి ఎన్నికల కోడ్ గుర్తొస్తుంది, ఇది అది కాదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో లైసెన్స్ ఫైలు పక్కన ఉండే ఇంకో చిన్న టెక్స్ట్ ఫైలు, అంతే. ఇక్కడ కలిసి పనిచేసేవాళ్లు ఒకరితో ఒకరు ఎలా మెలగాలి, ఎవరైనా హద్దు దాటితే ఎవరికి చెప్పుకోవాలి, చెప్పుకుంటే ఏమవుతుంది, ఇవీ అందులో ఉండేవి. పేరున్న ప్రాజెక్టులే చూడండి, ఉబుంటు వాళ్లకి మొదలైన కొత్తల్లోనే ఒకటి ఉంది, జాంగో 2013లో పెట్టుకుంది, డెబియన్ 2014లో ఓటింగ్ పెట్టి మరీ ఆమోదించుకుంది. అదే 2014లో కోరలైన్ అడా ఎమ్కీ అనే ప్రోగ్రామర్ కాంట్రిబ్యూటర్ కవనెంట్ అని ఒకటి రాశారు, ఏ ప్రాజెక్టువాళ్లయినా తీసి వాడుకునేలా. ఇప్పుడు లెక్కలేనన్ని ప్రాజెక్టుల్లో కనిపించేది అదే. సొంతంగా కూర్చుని రాసుకునే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి, కాపీ చేసి పెట్టేసుకుంటాం.

మేమూ అంతే. నేను ఒక చిన్న లైబ్రరీకి (వేరే ప్రోగ్రాముల్లో తీసి వాడుకునే కోడ్) మెయింటైనర్‌ని, అంటే దాని బాగోగులు చూసే మనిషిని, ముగ్గురం చూసుకుంటాం, ముగ్గురికీ పగలు వేరే ఉద్యోగాలున్నాయి. మా ఫైలు కథ చెబితే నవ్వుకుంటారు. ఇలాంటి కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ అనే సైట్‌లో ప్రతి పబ్లిక్ ప్రాజెక్టుకీ ఒక చెక్‌లిస్ట్ పేజీ ఉంటుంది, రీడ్‌మీ ఉందా, లైసెన్స్ ఉందా, కోడ్ ఆఫ్ కాండక్ట్ ఉందా అని వరసగా. మాకు ఆ ఒక్కదాని పక్కనే టిక్కు లేదు. ఒకరోజు రాత్రి ఆ ఖాళీ చూడలేక నేనే కాంట్రిబ్యూటర్ కవనెంట్ 1.4 వెర్షన్ తెచ్చి అతికించి, కమిట్ చేసి, అంటే ప్రాజెక్టులో నమోదు చేసి, పడుకున్నాను. రెండు నిమిషాల పని. అందులో ఫిర్యాదు ఎక్కడికి పంపాలో చెప్పే చోట ఇన్సర్ట్ ఈమెయిల్ అడ్రస్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అది తీసేసి మన అడ్రస్ పెట్టుకోవాలి. నేను పెట్టలేదు. పెట్టలేదన్న సంగతి 14 నెలలపాటు నాతో సహా ఒక్కరూ చూడలేదు. (వీలుంటే మీకు తెలిసిన నాలుగు చిన్న ప్రాజెక్టుల్లో ఆ ఫైలు తెరిచి చూడండి, నాలాంటివాళ్లు తప్పకుండా దొరుకుతారు.)

చూడలేదని తెలిసింది ఫిర్యాదు వచ్చిన రోజున. అడ్రస్ లేదు కాబట్టి ఆ అమ్మాయి కమిట్ లాగ్‌లో నా ఈమెయిల్ వెతుక్కుని రాసింది. జరిగింది ఇది. తను మా దగ్గర కొత్త, అప్పటికి మూడో నాలుగో ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో చేసిన మార్పులు, పంపి ఉంటుంది. టైమ్‌జోన్ లెక్కలో ఒక తప్పు పట్టుకుని సరిచేసి, ఈ మార్పు కలుపుకోండి అంటూ పుల్ రిక్వెస్ట్ పెట్టింది. ఆ తప్పు మాతో చాలా ఏళ్లుగా ఉన్న ఒక కాంట్రిబ్యూటర్ (కోడ్ రాసి పంపేవాళ్లను అలా అంటాం) రాసిన ఫంక్షన్‌లోది. ఆయన రివ్యూలో చాలా మర్యాదగా, మంచి పాయింట్, థ్యాంక్స్ అని రాసి బొటనవేలు బొమ్మ కూడా పెట్టాడు. అదే రాత్రి ఇంకో చోట, మా ప్రాజెక్టుతో ఏ సంబంధం లేని చాట్ యాప్‌లో, ఆ అమ్మాయికి ప్రైవేట్ మెసేజ్‌లు మొదలయ్యాయి. నిన్నగాక మొన్న వచ్చి నా కోడ్‌లో వంకలు పెడతావా అని మొదలై, నేనిక్కడ రాయలేని మాటల దాకా వెళ్లాయి. ఆ తర్వాత వారం రోజులు తను సోషల్ మీడియాలో ఏం రాసినా కింద ఈయన ఏదో ఒక ఎత్తిపొడుపు. తొమ్మిది స్క్రీన్‌షాట్లు పంపింది, వేళలు కూడా కనపడేలా.

ఆయన్ని అడిగాం. రెపోలో నేనన్న తప్పు మాట ఒక్కటి చూపించండి అన్నాడు. నిజమే, రెపోలో, అంటే ప్రాజెక్టు కోడూ దాని మీద చర్చలూ ఉండే చోట, ఆయన రాసింది కడిగిన ముత్యం. అప్పుడు మేం ముగ్గురం మా ఫైలును మొదటిసారి, నిజంగా మొదటిసారి, పూర్తిగా చదివాం. అందులో పరిధి అని ఒక పేరా ఉంది. ఈ నియమాలు ప్రాజెక్టు స్థలాల్లో వర్తిస్తాయి, బయట బహిరంగ వేదికల మీద ఎవరైనా ప్రాజెక్టు తరఫున మాట్లాడుతున్నప్పుడు వర్తిస్తాయి, అని దాని సారాంశం. ప్రైవేట్ మెసేజ్ ప్రాజెక్టు స్థలం కాదు. బహిరంగ వేదికా కాదు. సొంత అకౌంట్ నుంచి తిట్టేవాడు ప్రాజెక్టు తరఫున తిడుతున్నట్టూ కాదు. అక్షరం ప్రకారం చూస్తే ఆయన చెప్పిందే రైటు. రెండు వారాలు ముగ్గురం మల్లగుల్లాలు పడ్డాం, చివరికి ఆ అక్షరం వెనకే దాక్కున్నాం. మాకు చాలా బాధగా ఉంది కానీ ఇది మా పరిధిలోకి రాదు అని ఆ అమ్మాయికి మెయిల్ రాసింది నేనే. సెంట్ ఫోల్డర్‌లో ఇప్పటికీ ఉంది. సరే, అర్థమైంది అని రెండు మాటల జవాబు వచ్చింది, ఆపైన తను మళ్లీ రాలేదు. తన పుల్ రిక్వెస్ట్ అలాగే తెరిచి ఉండిపోయింది. 60 రోజులయ్యాక మా బాట్, అంటే తనంతట తానే నడిచే ప్రోగ్రాం, వచ్చి, చాలాకాలంగా కదలిక లేదు కాబట్టి మూసేస్తున్నాను, ఆసక్తికి ధన్యవాదాలు అని మెసేజ్ పెట్టి మూసేసింది.

ఇంకో ఏడాదిన్నరకి దీనికి సరిగ్గా తిరగేసిన గొడవ వచ్చింది. బయటివాళ్లెవరో ఒక ఇష్యూ, అంటే మా ప్రాజెక్టు పేజీలో బహిరంగ ఫిర్యాదు, తెరిచారు, మా కాంట్రిబ్యూటర్లలో ఒకతను చాలా ఏళ్ల కిందట తన సొంత అకౌంట్‌లో రాజకీయాల మీద రాసుకున్న మాటల స్క్రీన్‌షాట్లతో. ఇలాంటి మనిషిని పెట్టుకున్న ప్రాజెక్టును మేం వాడం, తీసేస్తారా లేదా అని. ఒక పూటలో కింద వంద కామెంట్లు. అందులో సగం మంది మా లైబ్రరీ పేరు ఆ రోజే విని ఉంటారు. ఆ రాతలు నాకూ నచ్చలేదు, ఇప్పటికీ నచ్చవు, ఆ మాట అతనికే చెప్పాను. కానీ మాకు అప్పటికే ఒకసారి చేతులు కాలి ఉన్నాయి కదా, ఈసారి ఆకులు ముందే పట్టుకుందాం అనిపించింది. మొదటిసారి పట్టించుకోకుండా తప్పు చేశాం, ఈసారైనా కఠినంగా ఉందాం అని నేనూ ఇంకొకాయనా దాదాపు తీసేయడానికే సిద్ధపడ్డాం. మూడో అతను ఒకటే ప్రశ్న వేశాడు: ఇతను మన ప్రాజెక్టులో ఎవరి జోలికి వెళ్లాడు? మా దగ్గర జవాబు లేదు. ఎవరి జోలికీ వెళ్లలేదు. ఎనిమిదేళ్లలో అతని రివ్యూల్లో ఒక్క దురుసు మాట లేదు. తీసేయలేదు. దానికి నిరసనగా ఇద్దరు మంచి కాంట్రిబ్యూటర్లు మానేశారు, ఆ నష్టం చిన్నదని నేననను.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే నాకు విషయం అర్థమైంది. రెండూ బయట జరిగినవే. మొదటిదాన్ని బయటిది అని వదిలేశాం, వదలకూడదు. రెండోదాన్ని బయటిదైనా లోపలికి లాగబోయాం, లాగకూడదు. అంటే ఎక్కడ అన్నాడు అన్న ప్రశ్నే తప్పు. ఎవరి మీదకి వెళ్లాడు, ఏ కారణంతో వెళ్లాడు, అదీ అడగాల్సింది. ఆ అమ్మాయి మా దగ్గర ప్యాచ్ పెట్టకపోతే ఆ మెసేజ్‌లు వచ్చేవే కావు. చోటు మాది కాకపోవచ్చు, గొడవ మాత్రం మా ఇంట్లోదే.

పెద్ద ప్రాజెక్టులకి ఈ తెలివి ముందే ఉందనుకోకండి. 2015లో ఓపల్ అనే ప్రాజెక్టు మీద ఇదే యుద్ధం జరిగింది, రూబీ కోడ్‌ను జావాస్క్రిప్ట్‌గా మార్చే సాధనం అది. అందులో పనిచేసే ఒకాయన ట్విట్టర్‌లో రాసిన మాటలకి ఆయన్ని ప్రాజెక్టు నుంచి తీసేయాలని బయట నుంచి డిమాండ్ వచ్చింది. ప్రాజెక్టులో ఏమీ అనలేదుగా అని ఒక వర్గం, అలాంటివాడున్న చోటికి మేమెలా వస్తాం అని ఇంకో వర్గం. కాంట్రిబ్యూటర్ కవనెంట్ మీద అనుమానాలకీ అభిమానాలకీ రెంటికీ చాలావరకు మూలం ఆ గొడవే. 2017లో వెబ్‌సైట్లు తయారుచేసుకునే డ్రూపల్ అనే ప్రాజెక్టులో ఇంకా ముందుకెళ్లింది, పాత కాంట్రిబ్యూటర్ ఒకాయన వ్యక్తిగత జీవితానికి సంబంధించిన సంగతులు బయటికొచ్చాక, డ్రూపల్ సృష్టికర్త డ్రీస్ బోయ్‌టార్ట్ ఆయన్ని తప్పుకోమని అడిగారు, దాంతో కమ్యూనిటీలో చాలామంది తిరగబడ్డారు. ఎవరు రైటో ఈ ఉత్తరంలో తేల్చలేను. నేను చెప్పేదల్లా ఒకటి, ఏది మన లెక్కలోకి వస్తుందో ముందే మాట్లాడుకుని ఉంటే ఆ కొట్లాట కొట్లాటగా కాకుండా చర్చగా జరిగేది.

ఇక లైనక్స్. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే అందరికీ ఒక సంగతి తెలుసు, అంతకన్నా పనికొచ్చే సంగతి చాలామందికి తెలియదు. తెలిసింది ఏమిటంటే 2018 సెప్టెంబరులో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన నోటి దురుసుకి క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకి తప్పుకున్నాడు, అదే రోజుల్లో కెర్నెల్‌లోకి, అంటే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగంలోకి, కాంట్రిబ్యూటర్ కవనెంట్ 1.4 వచ్చింది. అంతకుముందు 2015 నుంచీ కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్ అని ఒకటి ఉండేది, పేరే చెబుతుంది దాని వరస. పేపర్లన్నీ రాసింది ఇంతవరకే. తర్వాత జరిగింది చూడండి. 1.4లో నిషేధాల జాబితాలో ఒకటి, ఎదుటివాళ్ల ప్రైవేట్ సమాచారాన్ని, ఉదాహరణకి ఇంటి అడ్రస్ గానీ ఈమెయిల్ గానీ, వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టడం. చదవడానికి ఎంత న్యాయంగా ఉంది. కానీ కెర్నెల్ పని నడిచేదే ఈమెయిల్ మీద. బగ్ ఎవరు చెప్పారో, ఎవరు పరీక్షించారో, ఎవరు రివ్యూ చేశారో వాళ్ల పేరూ ఈమెయిలూ ప్యాచ్ కింద ఒక్కో వరసలో రాయడం అక్కడ పద్ధతి, అది శాశ్వతంగా చరిత్రలో ఉండిపోతుంది. అక్షరం ప్రకారం చూస్తే బగ్ చెప్పినాయనకి గౌరవంగా పేరు రాసిన ప్రతి మెయింటైనరూ నేరస్తుడే! దీని మీద వాళ్లలో వాళ్లు వాదించుకుని, ఆ అక్టోబరులోనే ఇంటర్‌ప్రెటేషన్ అని పక్కన ఇంకో పత్రం చేర్చుకున్నారు, మా దగ్గర ఈ వాక్యానికి అర్థం ఇదీ, మెయిల్స్‌లో ప్యాచ్‌లలో ఈమెయిల్స్ ఉండటం తప్పు కాదు అని. అసలు ఫైలులో ఆ వాక్యాన్ని ముట్టుకోకుండా, మన పనికి అది ఎంతవరకు అన్నది విడిగా రాసుకున్నారు. అంత పెద్ద ప్రాజెక్టు కూడా కాపీ చేసిన నెల రోజులకి కూర్చుని పరిధి సరిచేసుకోవాల్సి వచ్చింది, నేను 14 నెలలు చదవకుండా పెట్టుకున్నాను.

పోనీ దాని తర్వాతి వెర్షన్‌లో అన్నీ తేలిపోయాయా అంటే లేదు. 2019లో వచ్చిన 2.0లో శిక్షలకి మెట్లు పెట్టారు, మొజిల్లా దగ్గర్నుంచి తెచ్చుకున్న పద్ధతి: ముందు సరిదిద్దడం, తర్వాత హెచ్చరిక, తర్వాత కొన్నాళ్ల బ్యాన్, చివరికి శాశ్వత బ్యాన్. మంచి పని, మాలాంటివాళ్లకి చాలా అవసరం, ఎందుకంటే అంతకుముందు మా చేతిలో ఉన్నవి రెండే, ఏమీ చేయకపోవడం లేదా గెంటేయడం. కానీ జాగ్రత్తగా చదవండి. పరిధి పేరాలో మాత్రం కమ్యూనిటీ స్థలాల్లో, ఇంకా బయట కమ్యూనిటీ తరఫున అధికారికంగా మాట్లాడేటప్పుడు అని ఉంటుంది. కిందికొచ్చి హెచ్చరిక దగ్గర చూస్తే, బాధితులతో ఫలానా కాలంపాటు ఏ రకంగానూ మాట్లాడకూడదు, సోషల్ మీడియా లాంటి బయటి చోట్ల కూడా, అని ఉంటుంది. అంటే బయట తిడితే మాకు సంబంధం లేదు, కానీ లోపల తిట్టి దొరికిపోతే బయట మాట్లాడటం కూడా మేం ఆపుతాం. నాకు రెండోది సరైనదే అనిపిస్తుంది, మొదటిదాన్ని దానికి తగ్గట్టు మార్చాలి. ఏదైనా ఒకే ఫైలులో రెండు నాలుకలు ఉండకూడదు కదా.

ఇక్కడే కొందరు అడ్డుపడతారు. ఓపెన్ సోర్స్ అంటేనే అందరికీ తెరిచి ఉండేది, ఓపెన్ సోర్స్ నిర్వచనంలో ఐదో అంశమే మనుషుల మీద వివక్ష చూపకూడదని చెబుతుంది, మరి మీరెవరు మనిషిని బయటికి పంపడానికి, అని. ఈ మాట నాకు చాలాసార్లు వచ్చింది. ఆ నిర్వచనం లైసెన్స్ గురించి. లైసెన్స్ మీకు కోడ్ ఇస్తుంది, వాడుకోండి, మార్చుకోండి, ఫోర్క్ చేసి వేరు కాపురం పెట్టుకోండి, మీరెంత చెడ్డవాళ్లయినా దాన్ని ఎవరూ లాక్కోలేరు. కానీ నా ఆదివారం మధ్యాహ్నం మీకు లైసెన్స్‌లో రాసివ్వలేదు. మీ ప్యాచ్ నేను చదవాలనీ, మీ ఎత్తిపొడుపులు ఇంకో కాంట్రిబ్యూటర్ పడాలనీ ఏ లైసెన్స్‌లోనూ లేదు. అయితే ఇదే వాదన రెండో వైపు కూడా కోస్తుంది, అది కోడ్ ఆఫ్ కాండక్ట్ కావాలనే మా వర్గం వాళ్లు ఒప్పుకోరు. మా చేతిలో ఉన్నది మా రెపో, మా కమిట్ యాక్సెస్ (కోడ్‌లో నేరుగా మార్పులు చేసే అనుమతి), మా ప్రాజెక్టు పేరు, అంతే. ఇవి వెనక్కి తీసుకునే హక్కు మాకుంది. ఒక మనిషి మొత్తం జీవితానికి మార్కులు వేసే హక్కు వీటిలో లేదు. పైగా ఈ రోజుల్లో ఉద్యోగానికి వెళ్తే గిట్‌హబ్ ప్రొఫైల్ చూస్తున్నారు, బ్యాన్ అంటే తలుపు వేయడంతో పోయేది కాదు, అది ఆ మనిషి వెంట నడుస్తుంది. అందుకే పరిధి ఇరుకుగా, పదునుగా ఉండాలంటాను.

మధ్యలో ఒక మాట. పరిధి అంటే చోటు ఒక్కటే కాదు, ఏ రకం ప్రవర్తన అన్నది కూడా. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్ల సైజు కుదించే సాధనం) వ్యవహారం మీ పత్రికలోనూ వచ్చే ఉంటుంది, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తీగ లాగితే బ్యాక్‌డోర్, అంటే కోడ్‌లో దాచిన దొంగదారి, డొంకంతా కదిలింది. అది లోపలికి రావడానికి దారి వేసింది మాటలే. 2022లో ఆ ప్రాజెక్టు మెయింటైనర్ ఆరోగ్యం బాగోలేదని చెప్పుకుంటున్నా కూడా, ప్యాచ్‌లు మూలుగుతున్నాయి, మీకు ఆసక్తి పోయింది, వేరేవాళ్లకి ఇచ్చేయండి అని అకౌంట్లు కొన్ని వరసపెట్టి పొడిచాయి. ఒక్క బూతు లేదు. మామూలు కోడ్ ఆఫ్ కాండక్ట్ ప్రకారం పట్టుకోవడానికి ఒక్క పదం దొరకదు. కోడ్ మాట్లాడండి, మనుషుల గొడవ ఎందుకు అనేవాళ్లు దీనికేమంటారో నాకు వినాలనుంది. జీతం లేకుండా చేసేవాడిని నస పెట్టడం కూడా ప్రవర్తన కిందకే వస్తుందని మేం మా ఫైలులో రాసుకున్నాం, ఎంతవరకు అమలు చేయగలమో చూడాలి.

పరిధిలో ఇంకోటి కూడా ఉంది, ఎవరికి వర్తిస్తుంది అన్నది. అందరికీ అని రాస్తారు, కానీ పైన కూర్చున్నవాళ్ల దాకా వచ్చేసరికి తాళం పడుతుంది. 2021 నవంబరులో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టులో ప్రవర్తనా నియమాలు అమలు చేసే మోడరేషన్ టీమ్ మొత్తం ఒకేసారి రాజీనామా చేసింది. కోర్ టీమ్ తనకి తాను తప్ప ఎవరికీ జవాబు చెప్పుకునే స్థితిలో లేదు, అలాంటప్పుడు నియమాలు అమలు చేయడం మా వల్ల కాదు అని. ఆ తర్వాత రస్ట్ వాళ్లు పాలన పద్ధతే మార్చుకున్నారు. మా చిన్న ప్రాజెక్టులో ముగ్గురం ఉన్నాం, నా మీద ఫిర్యాదు వస్తే చూసేది నా స్నేహితులిద్దరే, ఇది కూడా సమస్యేనని మాకు తెలుసు. అందుకని మా మీద ఫిర్యాదులకి ఇంకో ప్రాజెక్టులో తెలిసినామె ఒకరిని బతిమాలి ఒప్పించాం, వాళ్ల ప్రాజెక్టుకి మేం అలాగే చేస్తాం, చేబదులు లాంటిది.

ఎస్క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పకుండా ఉండలేను. కంపెనీలు సరఫరాదారుల ఫారాల్లో మీకు కోడ్ ఆఫ్ కాండక్ట్ ఉందా అని అడుగుతుంటే, దాని రచయిత రిచర్డ్ హిప్ ఆరో శతాబ్దపు క్రైస్తవ సన్యాసుల నియమాలు తెచ్చి పెట్టేశాడు, దేవుణ్ణి ప్రేమించడం దగ్గర్నుంచి ఉపవాసం దాకా. 2018లో అది జనం కంట పడి గోల అయ్యాక ఆ నియమాలకి నీతి నియమాలని వేరే పేరు పెట్టి, ప్రవర్తనకి విడిగా ఇంకొకటి పెట్టుకున్నారు. నవ్వొచ్చినా, టిక్కు కోసం కాపీ చేసిన నాకన్నా ఆయన నిజాయితీపరుడే. కనీసం ఆయన తను పెట్టింది చదివాడు.

ఇప్పుడు మా ఫైలులో పరిధి పేరా ఇలా ఉంది, న్యాయవాదులెవరూ చూడలేదు, మేమే రాసుకున్నాం: "ఈ నియమాలు మా రెపోలో, మా చాట్‌లో, మా సమావేశాల్లో వర్తిస్తాయి, మా పేరు చెప్పుకుని ఎక్కడ మాట్లాడినా వర్తిస్తాయి. ఇక్కడి పని కారణంగా ఇక్కడి మనిషిని బయట ఎక్కడ వేధించినా, ప్రైవేట్ మెసేజ్‌లో అయినా, వర్తిస్తాయి. ఇక్కడివాళ్ల మీద గురిపెట్టని అభిప్రాయాలు, నమ్మకాలు, వ్యక్తిగత జీవితం మాకు సంబంధించినవి కావు. ఫిర్యాదు చేసేవాళ్లు ప్రాజెక్టులో ఉన్నవాళ్లో, దానివల్ల దెబ్బతిన్నవాళ్లో అయి ఉండాలి." అంతే. చివరి వాక్యం వంద కామెంట్ల రోజు నేర్పింది.

ఇందులో చిల్లులు లేవా అంటే ఉన్నాయి. ఒక మనిషి మా వాళ్లెవరినీ ముట్టుకోలేదు, కానీ ఫలానా జాతివాళ్లు మనుషులే కాదని రోజూ రాస్తున్నాడు, మా దగ్గర ఆ జాతి అమ్మాయి ప్యాచ్‌ని రేపు అతనే రివ్యూ చేయాలి. ఇది గురిపెట్టనిది అంటారా? నేననలేను. అలాంటప్పుడు బ్యాన్ చేయం గానీ ఆ రివ్యూ బాధ్యత ఇవ్వం, కమిట్ యాక్సెస్ కూడా నమ్మకం మీద ఇచ్చేదే గానీ హక్కు కాదు, అని ముగ్గురం అనుకున్నాం. ఇంతవరకు అవసరం రాలేదు. అలాగే బయట ఎవరి మీదైనా దాడి చేశాడని తేలిన మనిషి మా సమావేశానికి వస్తానంటే, అక్కడ నలుగురి భద్రత ఉంది కాబట్టి వద్దంటాం, అది అభిప్రాయం కాదు. స్క్రీన్‌షాట్లు దొంగవి కావచ్చు కదా అని అడుగుతారు. కావచ్చు. అందుకే ఇద్దరినీ అడుగుతాం, వేళలు సరిచూస్తాం, అనుమానం ఉంటే చిన్న మెట్టు దగ్గరే ఆగుతాం. మేం పోలీసులం కాదు, అలాగని కళ్లు మూసుకోవడానికి అది సాకు కాకూడదు.

సంపాదకుల వారూ, మీరు మళ్లీ దీని మీద రాస్తే, కోడ్ ఆఫ్ కాండక్ట్ ఉండాలా వద్దా అని రెండు వర్గాలను ఎదురెదురుగా కూర్చోబెట్టకండి, ఆ తగువు పదేళ్లుగా అరిగిపోయింది. చిన్న ప్రాజెక్టులు నడిపే నలుగురిని పిలిచి మీ ఫైలులో పరిధి పేరా ఏమని ఉంది అని అడగండి. మొదటి నిమిషం ఎవరూ మాట్లాడరు, పందెం.

ఆ మెసేజ్‌లు పంపినాయనకి కొత్త పేరా రాశాక హెచ్చరిక ఇద్దామా అనుకున్నాం. అప్పట్లో లేని నియమంతో ఇప్పుడు శిక్ష వేయడం సరికాదని మానేశాం, కానీ కమిట్ యాక్సెస్ వెనక్కి తీసుకున్నాం, ఎందుకో చెప్పి మరీ. ఆయన కోపంగా వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి పెట్టిన టైమ్‌జోన్ ప్యాచ్ మాత్రం పోయిన నెల మళ్లీ తవ్వి తీయాల్సి వచ్చింది, అదే బగ్‌ని ఇంకెవరో రిపోర్ట్ చేశారు. తన కోడ్‌లో మార్చాల్సింది ఒకే ఒక్క లైను ఉంది. అది మార్చి, రచయితగా తన పేరే ఉంచి మెర్జ్ చేశాను, అంటే మా కోడ్‌లో కలిపాను, పాత మెయిల్‌కి క్షమాపణ కూడా రాశాను. నోటిఫికేషన్ వెళ్లే ఉంటుంది. జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక మెయింటైనర్
(పేరు ప్రచురించవద్దని మనవి)